చలికాలపు వాన్ యాత్రలు - ముసురు పట్టినప్పుడు ఏం చేయాలి?



వరి కోతలు అయిపోయి, పిల్లలకు సెలవులు వచ్చాయంటే మన బోనకల్ చుట్టుపక్కల ఊళ్ళ నుండి వాన్‌లు బయలుదేరుతాయి. కొందరు భద్రాచలం మీదుగా మారేడుమిల్లి, కొందరు అరకు, కొందరు చింతపల్లి మండలంలోని లంబసింగి వెళ్తారు. పట్నాల్లో ఇప్పుడు మంచాలు, వంటగది కూడా ఉండే కారవాన్ బండ్లు అద్దెకు దొరుకుతున్నాయట. మన కారవాన్ మాత్రం మనకు తెలిసిందే. ఒక టెంపో ట్రావెలరో, టాటా మ్యాజిక్కో మాట్లాడుకుంటాం. అందులో చాపలు, దుప్పట్లు, బియ్యం మూట, గ్యాసు పొయ్యి, నీళ్ళ క్యాన్లు సర్దుకుంటాం. దారిలో వండుకుని తింటాం, రాత్రి బండిలోనే ఒకరి మీద ఒకరు ఒరిగి పడుకుంటాం.

ఇలా నలుగురు కలిసి తిరిగి రావడం మనసుకూ ఒంటికీ మంచిదే. వద్దని మేము చెప్పడం లేదు. అయితే ప్రతి డిసెంబరు, జనవరి నెలల్లో ఇలాంటి యాత్రల నుండి వచ్చినవారు ఆయాసంతో, జ్వరంతో మా వార్డులో చేరుతుంటారు. అందుకే ఈ సంచికలో ఈ సంగతి వ్రాస్తున్నాము. ముందుగా మేము చేసిన తప్పే చెబుతాము.

మాకు జరిగినది

2023 డిసెంబరు 4న మేము, మా కుటుంబాలవారు కలిసి 14 మందిమి ఒక వాన్‌లో బయలుదేరాము. అప్పటికే మిగ్‌జాం తుఫాను గురించి రేడియోలో, టీవీలో చెబుతున్నారు. "తుఫాను బాపట్ల వైపు పోతుందట, మనం పోయేది మన్యం వైపు కదా" అనుకున్నాము. మరునాడు, అంటే 5వ తేదీన, అది బాపట్ల దగ్గరే తీరం దాటింది. కానీ వాన మన ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల మీదా మన్యం మీదా కూడా పడింది. తుఫాను ఒక ఊరి దగ్గర తీరం దాటినా దాని మేఘాలు వందల కిలోమీటర్లు పరుచుకుని ఉంటాయని మాకు ఆ రోజే తెలిసి వచ్చింది.

చింతూరు దాటి ఘాట్ ఎక్కి దిగేసరికి చీకటి పడింది. గదులు దొరకలేదు. రోడ్డు పక్కన బండి ఆపాము. పైన కట్టిన సామాను తడిసి దుప్పట్లు సగం నీళ్ళయ్యాయి. మాలో ఒక సిస్టరు గారి తల్లి డెబ్బై ఏళ్ళ మనిషి. దిగి ఎక్కడంలో ఆమె చీర మోకాళ్ళ దాకా తడిసి గజగజ వణకసాగింది. మేము ఆమెకు తడి చీర మార్చకుండా దాని మీదే ఇంకొక దుప్పటి కప్పాము. వణుకు తగ్గలేదని హోటలతన్ని అడిగి కుంపటిలో నిప్పులు తెచ్చి బండిలో సీట్ల మధ్య పెట్టాము. వాన జల్లు కొడుతోందని అద్దాలన్నీ మూసేశాము.

గంట గడిచేసరికి ఒక బాబు వాంతి చేసుకున్నాడు. ఘాట్ మలుపుల వల్ల అనుకున్నాము. ఇద్దరు ముగ్గురు తలనొప్పి అన్నారు. అలసట అనుకున్నాము. ఇన్నేళ్ళ సర్వీసు ఉన్న మాకెవరికీ తట్టలేదు. మా వార్డు ఆయమ్మ మాత్రం "అమ్మా, బట్టీ కాడ కూసున్నట్టు తల దిమ్మెక్కుతాంది, తలుపు తీయండి" అని తానే లేచి తలుపు లాగింది. ఆ చలిగాలి తగిలాక గాని మాకు బుద్ధి రాలేదు. అందరినీ వానలోకే దించి, హోటలు వసారాలో కూర్చోబెట్టి, బాబునీ పెద్దమ్మగారినీ దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టించాము. దేవుని దయ వల్ల అందరమూ తిరిగి వచ్చాము. ఆయమ్మ ఇంకొక గంట నిద్రపోయి ఉంటే ఈ వ్యాసం వ్రాయడానికి మేము ఉండేవాళ్ళము కాము.

మూసిన బండిలో నిప్పు వద్దు

బొగ్గులు, కట్టెలు, గ్యాసు, డీజిలు ఏది కాలినా గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గులు పొగ రాకుండా ఎర్రగా కణకణలాడుతున్నా ఆ వాయువు వస్తూనే ఉంటుంది. మన రక్తం ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకుంటుంది. దాంతో మెదడుకూ గుండెకూ ఆక్సిజన్ అందదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఇవేవీ తెలియవు.

2020 జనవరిలో నేపాల్‌లోని దమన్ అనే చలి ప్రదేశంలో కేరళ నుండి వెళ్ళిన 8 మంది యాత్రికులు తలుపులు, కిటికీలు మూసిన గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని పడుకుని చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. ఏ.సి. కోసం నడిపిన జనరేటరు నుండి వచ్చిన ఈ వాయువే కారణమని పరీక్షలో తేలింది. కాబట్టి ఖరీదైన బండి అయినా, మన మ్యాజిక్ అయినా సూత్రం ఒక్కటే. బండిలోపల కుంపటి, పొయ్యి, జనరేటరు పెట్టకూడదు. ఇంజను ఆన్‌లో ఉంచి అద్దాలు మూసుకుని నిద్రపోకూడదు.

ఒకే బండిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే ముందు అందరినీ బయటి గాలికి తేవాలి. తరువాత 108కి ఫోన్ చేయాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను 98, 99 చూపినా నమ్మవద్దు. ఈ వాయువు రక్తంలో ఉన్నప్పుడు ఆ మిషను మోసపోతుంది. డాక్టరుగారికి "మూసిన బండిలో నిప్పు ఉంది" అని తప్పక చెప్పాలి.

గ్యాసు సిలిండరుతో ఇంకొక ప్రమాదం ఉంది. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో సిలిండరు వల్ల మంటలు రేగి 9 మంది చనిపోయారు. మనం కూడా వాన పడుతోందని పొయ్యిని బండిలోకి తెస్తాం. అలా చేయవద్దు. పొయ్యి బయట పట్టా కింద, బండికి దూరంగా వెలిగించాలి. వంట కుదరకపోతే ఆ పూట అటుకులు, రొట్టె, అరటిపండ్లతో సరిపెట్టుకోండి.

తడి బట్ట ఒంటి మీద ఉంచవద్దు

మన శరీరం వేడి మామూలుగా 37 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే 98.6 ఫారెన్‌హీటు. అది 35 డిగ్రీల (95 ఫారెన్‌హీటు) కంటే తగ్గితే ప్రాణాపాయ స్థితి మొదలవుతుంది. మంచు కొండల్లోనే ఇలా జరుగుతుందనుకోవద్దు. తడి బట్ట, గాలి రెండూ కలిస్తే మన దగ్గరి చలికే ముసలివారు, పసిపిల్లలు ఆ స్థితికి చేరగలరు. పొడి గాలికంటే నీరు ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఇక లంబసింగిలో చలికాలపు రాత్రుళ్ళు కొన్నిసార్లు సున్నా డిగ్రీల దగ్గరకు పోతాయి.

వణుకు అంటే ఒళ్ళు తనను తాను వేడి చేసుకోవడం. వణుకుతున్న మనిషికంటే, వణుకు ఆగిపోయి మాట ముద్దగా వస్తూ, తూలుతూ, మగతగా ఉన్న మనిషిని చూసి ఎక్కువ భయపడాలి. "పాపం, నిద్రపట్టింది" అని వదిలేయకూడదు.

అప్పుడు చేయవలసినవి:

1. గాలి, వాన తగలని చోటికి తీసుకెళ్ళండి.
2. తడి బట్టలన్నీ తీసి, ఒళ్ళు అద్ది తుడిచి, పొడి బట్టలు వేయండి. తలకు మంకీ క్యాప్ లేదా తువ్వాలు చుట్టండి.
3. కింద కూడా దుప్పటి వేయండి. బండి రేకు, నేల వేడిని లాగేస్తాయి.
4. తెలివిగా ఉండి మింగగలిగితే వేడి పాలో, చక్కెర ఎక్కువ వేసిన టీయో ఇవ్వండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకూడదు.
5. పసిబిడ్డను తల్లి ఒంటికి ఆనించి పైన దుప్పటి కప్పండి.
6. చేతులు, కాళ్ళు గట్టిగా రుద్దవద్దు. మరిగే నీళ్ళ సీసాలు చర్మానికి ఆనించవద్దు.

"ఒక పెగ్గు వేస్తే చలి పోతుంది" అనే మాట అబద్ధం. సారా చర్మంలోని రక్తనాళాలను తెరుస్తుంది. మనకు వెచ్చగా అనిపిస్తుంది గాని లోపలి వేడి బయటికి పోతుంది.

జబ్బులున్నవారు ఏం చూసుకోవాలి?

ఉబ్బసం ఉన్నవారు చలిమంట దగ్గర కూర్చోకూడదు. చల్లగాలి ఒకటి, పొగ ఒకటి, రెండూ ఆయాసం తెస్తాయి. ఇన్‌హేలరు పైన కట్టిన పెట్టెలో కాకుండా జేబులోనే ఉండాలి.

బి.పి. చలికాలంలో పెరుగుతుంది. దారిలో మూత్రానికి ఇబ్బంది అని మాత్ర మానేసేవారిని చూస్తున్నాము. అలా మానవద్దు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే గ్యాసు నొప్పి అనుకుని సోడా తాగి కూర్చోవద్దు.

షుగరు ఉన్నవారికి బండి ఎక్కడో ఇరుక్కుని భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. అప్పుడూ వణుకే వస్తుంది, దానితో పాటు చెమట కూడా పడుతుంది. వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వండి. పాదాలకు స్పర్శ తగ్గినవారు మంట దగ్గర కాళ్ళు చాపవద్దు. కాలింది తెలియక పుండు పడి మా దగ్గరకు వచ్చినవారు ఉన్నారు.

చిన్నపిల్లలకు జలుబు, దగ్గుతో పాటు శ్వాస వేగం లెక్కపెట్టండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలికను పూర్తి ఒక నిమిషం చూడాలి. 2 నెలల లోపు బిడ్డకు 60, 2 నుండి 12 నెలల వారికి 50, ఏడాది నుండి 5 ఏళ్ళ వారికి 40, లేదా అంతకు మించి ఉంటే న్యుమోనియా కావచ్చు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా యాత్ర అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

మంచులో ఘాట్ రోడ్డు

తెల్లవారుజామున వెళ్తే రోడ్డు ఖాళీగా ఉంటుందని చాలామంది అర్ధరాత్రి బయలుదేరుతారు. పొగమంచు దట్టంగా ఉండేదీ, డ్రైవరుకు కునుకు వచ్చేదీ ఆ వేళే. 2019 అక్టోబరులోనూ, 2025 డిసెంబరులోనూ ఈ చింతూరు - మారేడుమిల్లి ఘాట్‌లోనే యాత్రికుల బండ్లు పడిపోయి పలువురు చనిపోయారు. ఘాట్ పగలే దాటండి. మంచు కమ్మితే లైట్లు డిమ్‌లో పెట్టాలి. పైకి వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి తిరిగి కళ్ళలోనే పడుతుంది. దారి కనిపించకపోతే రోడ్డు దిగి సురక్షితమైన చోట ఆగండి. డ్రైవరు తమ్ముడికి కడుపు నిండా భోజనం, పొడి దుప్పటి, 7 గంటల నిద్ర మీరే చూడండి. ఆయన చేతిలోనే మీ పిల్లలున్నారు.

వాగు రోడ్డు మీదుగా పారుతుంటే "బస్సు పోయింది కదా" అని బండి దించవద్దు. నీళ్ళ కింద రోడ్డు ఉందో లేదో ఎవరికీ కనిపించదు.

బయలుదేరే ముందు

వాతావరణ శాఖవారి హెచ్చరికలు రంగుల్లో ఉంటాయి. పసుపు అయితే కనిపెట్టి ఉండాలి. నారింజ అయితే సిద్ధంగా ఉండాలి, ప్రయాణం వాయిదా మంచిది. ఎరుపు అయితే ఇల్లు కదలవద్దు. మన జిల్లాకే కాదు, దారిలోని జిల్లాలకూ చూడండి. ఘాట్‌లో సెల్ సిగ్నలు ఉండదు కాబట్టి ఏ దారిన పోతున్నదీ ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి.

తీసుకెళ్ళవలసినవి: మనిషికి ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి, ధాన్యం మీద కప్పే పట్టా ఒకటి, టార్చిలైటు, థర్మామీటరు, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, రెండు రోజులకు ఎక్కువగా మందులు, మందుల చీటీ, దోమతెర, కాచి చల్లార్చిన నీళ్ళు.

తిరిగి వచ్చాక నెల రోజుల లోపు జ్వరం వస్తే "మేము ఏజెన్సీకి వెళ్ళి వచ్చాము" అని చెప్పండి. మలేరియా రక్తపరీక్ష చేస్తాము. గడ్డిలో, పొదల్లో కూర్చున్నవారికి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా రావచ్చు. ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి మచ్చ ఉంటే సిగ్గుపడకుండా చూపించండి.

చివరిగా ఒక మాట. బండికి అడ్వాన్సు ఇచ్చాము, పిల్లలు ఆశపడ్డారు అని ముసురులో బయలుదేరుతాం. మేమూ అందుకే బయలుదేరాము. కొండలు వచ్చే ఏడాదీ అక్కడే ఉంటాయి. ఆ రాత్రి పెద్దమ్మగారికి కావలసింది కుంపటి కాదు, పొడి చీర. అది సంచిలోనే ఉంది, తీయడానికి మాకు బద్ధకం వేసింది. మీరు ఆ తప్పు చేయకండి. వెచ్చగా వెళ్ళి, క్షేమంగా రండి.