ఆ కార్డు మనది కాదు!

మా మామయ్యగారికి కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని ఎన్నాళ్ల కోరికో! పోయిన మాఘమాసంలో అందరం కలిసి వెళ్లాం. మూడోనాడు సాయంత్రం మేం గంగా హారతికి వెళ్తే, ఆయన మర్నాటి పిండప్రదానం ఖర్చులకని ఒక్కరే ఏటీఎంకి వెళ్లారు. ఫోనేమో సత్రం గదిలో ఛార్జింగ్‌లో ఉంది.

మిషన్ రెండుసార్లు కార్డు తీసుకోలేదట. వెనకున్న కుర్రాడు ‘బాబూజీ, ఇలా పెట్టాలి’ అంటూ కార్డు అందుకుని, చొక్కాకి తుడిచి, లోపల పెట్టాడు. ఈయన పిన్ కొట్టారు. తప్పని వచ్చింది. రాదు మరి! తుడిచేటప్పుడే కార్డు మారిపోయింది. లోపల పెట్టింది అదే బ్యాంకుదే, అదే రంగుదే, కానీ ఇంకెవరిదో. పిన్ మాత్రం మామయ్యగారిదే, వాడు పక్కనుంచి చూసేశాడు. పైగా ఇంకో ఏటీఎంకి దారి కూడా చెప్పి పంపాడట, ఎంత మర్యాదో!

మేం వచ్చి ఫోను చూసేసరికి నాలుగు మెసేజ్‌లు. పదేసి వేల చొప్పున నలభై వేలు. కస్టమర్ కేర్ నంబరు కోసం నేను గూగుల్‌లో వెతకబోతే మావారు ఆపారు. అక్కడ దొంగ నంబర్లూ ఉంటాయి కదా! బ్యాంకు యాప్‌లోనే కార్డు బ్లాక్ చేసి, 1930కి ఫోన్ చేసి, పోలీసులకి రాసిచ్చాం. మనం ఫిర్యాదు చేశాక పోయే డబ్బుకి బ్యాంకే పూచీ. ముందు పోయినదానికి, పిన్ మన అజాగ్రత్త వల్ల బయటపడితే, నష్టం మనదే. మాకు అదే జవాబొచ్చింది.

మిషన్లో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గితే మాత్రం కంగారక్కర్లేదు. ఐదు రోజుల్లో తిరిగి వేయాలి, ఆలస్యమైతే రోజుకి వంద చొప్పున కలిపి ఇవ్వాలి.

ఇప్పుడు ప్రయాణాలకి మామయ్యగారు వేరే ఖాతా కార్డు తీసుకెళ్తారు. అందులో ఐదారు వేలకి మించి ఉంచం. యాప్‌లో రోజువారీ పరిమితి కూడా తగ్గించాం. ఏటీఎం అవసరమైతే పగటిపూట, బ్యాంకు లోపల ఉన్నదే. కార్డు ఎవరి చేతికీ ఇవ్వరు, నాక్కూడా!

పిండప్రదానం ఆగలేదు, మావారు సర్దారు. మామయ్యగారి బాధ వేరే. ఆ మారిన కార్డు మీద ఎవరో పెద్దాయన పేరుంది. బ్యాంకులో ఇచ్చేముందు రెండుసార్లు చదువుకుని, ‘పాపం, ఈయన ఎన్ని రాత్రుల నిద్రకి వచ్చాడో’ అన్నారు.