‘కావలెను’ అనుటకు ఆంగ్లమున ఎన్ని మాటలు?

తెలుగున ‘కావలెను’ అను ఒక్క మాటతో మనకు పని గడచును. పులుసునకు చింతపండు కావలెను; బడిలో చేరుటకు సర్టిఫికేటు కావలెను. ఆంగ్లము ఈ రెంటికిని వేర్వేరు పదములు వాడును. దరఖాస్తులు పూరించు విద్యార్థులును, తల్లిదండ్రులును ఈ భేదము నెరుగుట మేలని తలంచి వ్రాయుచున్నాము.

పని స్వభావమును బట్టి ఉండి తీరవలసినది ‘రిక్విజిట్’. ఒకరు విధించిన షరతు ‘రిక్వైర్‌మెంట్’. తిరుత్తణి కొండకు 365 మెట్లందురు. వాటి నెక్కుటకు కాళ్లలో బలము రిక్విజిట్. గుడి ముంగిట చెప్పులు విడుచుట రిక్వైర్‌మెంట్. షరతునైనచో విధించినవారు సడలింపవచ్చును. కాళ్ల బలమునకు మినహాయింపు నిచ్చువారెవరు? ఆఫీసు కాగితములలో ఈ రెండును కలగలిసి కనబడుట కలదు. ‘రిక్విజిట్ ఫీజు’ అని వ్రాయుచునే యున్నారు. అయినను భేదము భేదమే.

ముందుగా నెరవేరవలసినది ‘ప్రీరిక్విజిట్’. 11వ తరగతికి 10వ తరగతి ఉత్తీర్ణత వంటిది. ‘పెర్‌క్విజిట్’ వేరు, అది జీతముపై అదనముగా లభించు ఇల్లు, కారు మొదలగు సౌకర్యము. పిల్లలు తఱచు తడబడు చోటిది.

ఇక మన ఇంటి విషయము. నేడు తిరువళ్లూరు జిల్లాలోనున్న తిరుత్తణి, 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రమున చేరెను. అంతకు మునుపే, 1949లో, రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు బడి మొత్తమున 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుండవలెనని నిర్ణయించెను. తల్లిదండ్రులు చెప్పినదే బిడ్డ మాతృభాష యనియు తేల్చెను. ఆ సంఖ్య రిక్వైర్‌మెంట్ మాత్రమే. తొమ్మండుగురికి పాఠము చెప్పలేని ఉపాధ్యాయుడుండునా? తెలుగు వచ్చిన ఉపాధ్యాయుడు, తెలుగు పుస్తకము, ఇవి రిక్విజిట్లు. ఇవి లేనిచో నలువది మందియున్నను చదువు సాగదు. తల్లిదండ్రుల ప్రకటనయో, ప్రీరిక్విజిట్. ఇంట తెలుగు మాటలాడుచు, ‘ఏదైన నేమిలే’ యని ఫారములో వేఱొక భాష వ్రాయించినచో ఆ బిడ్డ లెక్కకు రాడు.

2006 నాటి తమిళ అభ్యసన చట్టమున తమిళము మొదటి భాగము, ఆంగ్లము రెండవ భాగము, రెండును ‘కంపల్సరీ’. ఇతర మాతృభాషలు నాలుగవ భాగమున ‘ఆప్షనల్’. 2006–07లో 1వ తరగతితో ఇది మొదలై, ఏటేట పై తరగతులకు ప్రాకినది. ఆప్షనల్ అనగా అక్కఱలేనిదని మన ఊళ్లలో కొందఱు చెప్పుకొనుచున్నారు. నిఘంటువున ఆ అర్థము లేదు. ‘కోరుకొన్నవారికి’ అని మాత్రమే కలదు.