మాయ పనిచెయ్యకపోతే డాప్లర్ చెప్పేదేమిటి?

కడుపులో బిడ్డకి తిండీ గాలీ మాయ నుంచే అందాలి. తల్లికి బీపీ వచ్చో, మరో కారణానో మాయలోని సన్నటి రక్తనాళాలు దెబ్బతింటే బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. మామూలు స్కానింగ్ బిడ్డ సైజు చెబుతుంది. అయితే చిన్నగా ఉన్న ప్రతి బిడ్డా ఆపదలో ఉన్నట్టు కాదు. ఆ తేడా పట్టుకోడానికి డాప్లర్ కావాలి.

బొడ్డుతాడు ధమనుల్లో రక్తం బిడ్డ నుంచి మాయకి పోతుంది. మాయ బాగుంటే అడ్డు తక్కువ. బిడ్డ గుండె రెండు దెబ్బల మధ్య సేదతీరే క్షణంలోనూ రక్తం ముందుకే పారుతుంది. మాయ పాడయ్యేకొద్దీ ఆ పారుదల తగ్గుతుంది, ఆగుతుంది, చివరికి వెనక్కి తన్నుతుంది. అది పెద్దాసుపత్రిలో వెంటనే చూడాల్సిన స్థితి. అదే సమయంలో బిడ్డ ఉన్న రక్తాన్నే మెదడుకి మళ్లించుకుంటుంది, కరువులో గింజలు పసివాళ్లకి దాచినట్టు.

1977లో డబ్లిన్‌లో మొదలైన ఈ పరీక్ష ప్రమాదమున్న గర్భాల్లో బిడ్డల మరణాలు తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఏ ఇబ్బందీ లేనివాళ్లందరికీ చెయ్యడం వల్ల లాభం రుజువు కాలేదు. బిల్లు కట్టేముందు ఎందుకని అడగొచ్చు, తప్పులేదు.

అసలు చిక్కు వేరే ఉంది. జిల్లా కేంద్రంలో మిషనున్నా, వాడలో కూలికిపోయే తల్లి కడుపు కొలిచేవాళ్లు లేకపోతే ఆమెని అక్కడికి పంపేదెవరు? 24 వారాల తర్వాత కడుపు ఎత్తు సెంటీమీటర్లలో దాదాపు వారాల లెక్కకి సరిపోవాలి. 3 సెంటీమీటర్లు తగ్గితే స్కానింగ్ అడగాలి. టేపు, బీపీ మిషను, మూత్ర పరీక్ష సబ్‌సెంటర్‌లో అయ్యే పనులే. బిడ్డ కదలికలు తగ్గితే మాత్రం ఏ తేదీకోసమూ ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.