కింది నుంచి చదవాల్సిన రాయి

పావగడ తాలూకా కర్ణాటకదే అయినా, దాదాపు చుట్టూరా ఆంధ్ర నేలే. వెయ్యేళ్ల కిందట ఈ సరిహద్దు సీమ నొలంబులది. వారి రాజధాని హెంజేరు, అంటే నేటి హేమావతి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆవుల మందల కోసం, పొలిమేరల కోసం పోరాడి పడినవాడికి ఆ కాలంలో ఊరు రాయి నిలిపేది. అదే వీరగల్లు.

సాధారణంగా వీరగల్లును కింది అర నుంచి పైకి చదవాలి. కింద యుద్ధం. నడుమ వీరుణ్ణి అప్సరసలు పైకి తీసుకుపోతుంటారు. పైన శివలింగం ఎదుట చేతులు జోడించి కూర్చుంటాడు. అంచున సూర్యచంద్రులు: వాళ్లున్నంత కాలం ఈ పేరు ఉండాలని.

ఈజిప్టులోనూ ఇలాంటి స్మారక శిలలున్నాయి. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట, ఒసిరిస్ దేవుడి క్షేత్రమైన అబైడోస్‌లో, ఉత్సవం సాగే దారి పొడవునా జనం చిన్న గుళ్లు కట్టి వాటిలో శిలలు నిలిపారు. చాలావాటికి పైభాగం గుండ్రం. దాని కింద నైవేద్యాల బల్ల ముందు యజమాని, పక్కన భార్యాబిడ్డలు. రాతలో వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు, ఎడ్లు, పక్షులు కోరుకుంటారు. కొన్నింటిలో దారిన పోయేవారికి విన్నపమూ ఉంటుంది: ఈ మాటలు నోరారా పలకండి అని. పలికితే చాలు, నైవేద్యం అందినట్టే. చచ్చినవాడి ఆకలి బతికున్నవాడి గొంతుతో తీరుతుందన్న ఆ నమ్మకం నన్ను కదిలిస్తుంది.

మన వైపూ రాయి బతికున్నవాళ్లను అడుగుతుంది. మండ్య జిల్లా ఆతకూరు శాసనం క్రీ.శ. 949-50 నాటిది. రాష్ట్రకూట మూడో కృష్ణుడు చోళులను గెలిచిన యుద్ధంలో గాంగ రాజు బూతుగుడి పక్షాన మణలేరుడనే వీరుడు పరాక్రమం చూపాడు. ఏం కావాలని అడిగితే కాళి అనే వేటకుక్కను కోరుకున్నాడు. ఆ కుక్క అడవిపందితో పోరాడగా రెండూ చచ్చాయి. చల్లేశ్వరుడి గుడి ముందు దానికి రాయి నిలిపి, భూమి కూడా ఇచ్చారు. ఆ రాయికి పూజ చేయకుండా గుడి గొరవడు (శైవ పూజారి) భోంచేస్తే కుక్క చేసిన పాపం అతనికి అంటుతుందని శాసనం హెచ్చరించింది.

ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. భద్రంగానే ఉంది, కానీ పూజ చేయాల్సిన గుడి ఆతకూరులో ఉండిపోయింది. అబైడోస్ శిలలకు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. 19వ శతాబ్దంలో తవ్వినవాళ్లు, కొన్నవాళ్లు వాటిని దేశదేశాలకు చేర్చారు. ఒసిరిస్ ఉత్సవాన్ని వర్ణించే ఇఖెర్నోఫ్రెత్ అనే అధికారి శిల బెర్లిన్‌లో ఉంది. ఒకే గుడిలో నిలిచిన ఒకే కుటుంబపు రాళ్లు వేరువేరు మ్యూజియాలకు పోయాయి. వాటిపై చెక్కిన తల్లుల, కొడుకుల, సేవకుల పేర్లను పోల్చి పండితులు ఆ కుటుంబాలను మళ్లీ కూర్చారు. ఏ గుడిలో ఏ రాయి ఎక్కడ నిలిచిందో మాత్రం చాలావాటికి తేలలేదు.

అందుకే మన సీమలో రోడ్డు పనికో చెరువు పనికో వీరగల్లును కదపాల్సివస్తే, ముందు నాలుగు ఫొటోలు తీయాలి. అది ఏ దిక్కుకు తిరిగి ఉందో, పక్కన గుడి ఉందో చెరువుకట్ట ఉందో, ఊళ్లో దాన్ని ఏమని పిలుస్తారో రాసి, ఆ కాగితాన్ని రాయితో పాటే పంపాలి.