కణాన్ని అభినయించి నేర్చుకుందాం

గత పాఠంలో మీరు కణాంగాల గురించి చదివారు. పటంలో వాటి పేర్లు గుర్తించడం సులభమే. అయితే అవి ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తాయో పటం చూపదు. అందువల్ల సంపర్క తరగతిలో మీ తోటి అభ్యాసకులతో కలిసి, తలా ఒక పాత్ర తీసుకొని ఈ కృత్యం చేయండి.

మీకు తెలిసిన ఉదాహరణ

సూరత్‌లోని సలాబత్‌పురా బట్టల పనికి పేరుపొందిన ప్రాంతం. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన ఎన్నో నేత కుటుంబాలు సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇటువంటి కుటుంబాల అభ్యాసకులకు జకార్డు మగ్గం కొత్తది కాదు. ఏ పడుగు పోగు పైకి లేవాలో అట్టల మీది రంధ్రాలు నిర్ణయిస్తాయి. ఒక రంధ్రం తప్పుగా పడితే చీర మీద పువ్వు మారిపోతుంది. కణంలో ప్రోటీను తయారీ కూడా ఇలాగే సంకేతాన్ని బట్టి జరుగుతుంది.

కావలసినవి: అట్టముక్కలు, చీటీలు, సుద్దముక్క, దారం, మూడు రంగుల పూసలు.

చేసే విధానం

1. నేలమీద పెద్ద వృత్తం, దానిలో చిన్న వృత్తం గీయండి. పెద్దది కణత్వచం, చిన్నది కేంద్రకం.

2. డిఎన్‌ఎ పాత్రధారి ‘జిజిఎ–సిటిసి–సిటిసి’ అని రాసిన అట్టతో కేంద్రకంలో నిలబడాలి. బయటికి రాకూడదు.

3. రాయబారి ఆర్‌ఎన్‌ఎ పాత్రధారి కేంద్రకంలోనే జత అక్షరాలు రాసుకోవాలి. జి కి సి, సి కి జి, టి కి ఎ, ఎ కి యు. అప్పుడు ‘సిసియు–జిఎజి–జిఎజి’ వస్తుంది. దీనిని బయట ఉన్న రైబోసోముకు చేర్చాలి.

4. రైబోసోము మూడేసి అక్షరాలు చదవాలి. వాహక ఆర్‌ఎన్‌ఎ తగిన పూస తేవాలి. సిసియు అంటే ప్రోలిన్, తెల్లపూస. జిఎజి అంటే గ్లుటామిక్ ఆమ్లం, ఎర్రపూస. జియుజి అంటే వేలిన్, నల్లపూస.

5. పూస అందుకోవడానికి ముందు మైటోకాండ్రియా పాత్రధారి ‘ఎటిపి’ చీటీ ఇవ్వాలి. చీటీ లేకపోతే పని ఆగుతుంది.

ఒక్క అక్షరం మారితే?

ఇప్పుడు డిఎన్‌ఎ అట్టలో మొదటి ‘సిటిసి’ని ‘సిఎసి’గా మార్చి మళ్ళీ చేయండి. ఎర్రపూస స్థానంలో నల్లపూస వచ్చింది కదా! ఇది కేవలం ఆట కాదు. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ చేరితే సికిల్ సెల్ వ్యాధి వస్తుందని 1957లో వెర్నాన్ ఇంగ్రామ్ చూపాడు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారం పొంది సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి.

దక్షిణ గుజరాత్‌లోనూ, తెలంగాణలోనూ ఆదివాసులలో ఈ వ్యాధి కనిపిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. మారిన జన్యువు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ సంక్రమిస్తే వ్యాధి వస్తుంది. ఒకరి నుంచే వస్తే ఆ వ్యక్తి వాహకుడు; సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. రక్తపరీక్షతో ఈ సంగతి ముందే తెలుసుకోవచ్చు. 2023లో కేంద్రప్రభుత్వం దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించింది.

పోలికకు హద్దులు

మగ్గం దగ్గర మనిషి ఉంటాడు. కణంలో చదివేవారెవరూ లేరు. ఆకారం సరిపోయిన అణువులు కలుస్తాయి. కేంద్రకం యజమాని కాదు. మైటోకాండ్రియా శక్తిని సృష్టించవు; ఆహారంలోని శక్తిని ఎటిపి రూపంలోకి మారుస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డిఎన్‌ఎ బయటికి రాకపోయినా దాని సమాచారం రైబోసోముకు ఎలా చేరింది?

2. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం ఎంత?

జవాబులు: 1. రాయబారి ఆర్‌ఎన్‌ఎ ద్వారా. 2. నాలుగింట ఒక వంతు.