మగ్గము నొప్పి – విద్యార్థుల పరిశోధన

మన పేటలలో నడుము పట్టినను, భుజము లాగినను, మోకాలు ముడుచుకొనిపోయినను అందరును చెప్పు మాట ఒక్కటే: "మగ్గము నొప్పి." అది వయస్సుతో వచ్చునదనియు, నేతలో పుట్టినవారు ఓర్చుకొనవలసినదే అనియు పెద్దలు చెప్పగా మనము విన్నాము. మన పిల్లలకు కూడ అదే చెప్పుచున్నాము. ఇట్లు ఓర్చుకొని కూర్చొననక్కరలేదని చెప్పు చదువు ఒకటి ఉన్నది. దాని పేరు ఆక్యుపేషనల్ థెరపీ. తెలుగులో వృత్తి చికిత్స అనుచున్నారు. ఆ చదువులో ఉన్న విద్యార్థులు నలుగురైదుగురు జట్టుగా చేరి, ఒక సమస్యను ఎన్నుకొని, పరిశోధించి, దానికొక కొత్త ఉపాయమును కనిపెట్టి చూపవలెనను ఏర్పాటు పెక్కు కళాశాలలలో ఉన్నది. ఆ పరిశోధనలలో మన మగ్గమునకు చోటు దొరకవలెను. దొరికిననాడు మనమెట్లు నడచుకొనవలెనో ముందుగానే తెలిసికొని ఉండవలెను. ఈ రెండు విషయములను మన కుటుంబముల యెదుట పెట్టుటయే మా ఉద్దేశము.

వృత్తి చికిత్స అనగా నేమి?

పేరులో వృత్తి అని ఉన్నంత మాత్రమున అది కేవలము కూలిపనికి, ఉద్యోగమునకు సంబంధించినది కాదు. ఉదయము లేచినది మొదలు రాత్రి పండుకొను వరకు మనిషి చేయు పనులన్నియు ఇక్కడ వృత్తియే. స్నానము చేయుట, అన్నము కలుపుకొని తినుట, బిడ్డనెత్తుకొనుట, మగ్గమెక్కుట అన్నియు అందులోనివే. చేయి ఎంత ఎత్తు లేచుచున్నదని చూచుటతో ఈ చికిత్స ఆగిపోదు. ఆ చేతితో మీరు ఏ పని చేయదలచుచున్నారని అడుగును. పక్షవాతము వచ్చి కుడిచేయి స్వాధీనము తప్పిన నేతగాడు ఎడమచేతితో ఎట్లు తినవలెనో, తెగిన పోగును ఎట్లు అతుకుకొనవలెనో, అసలు మరల మగ్గమెక్కగలడో లేదో, ఎక్కవలెనన్న మగ్గములో ఏమి మార్చవలెనో ఆలోచించునది ఈ శాస్త్రము.

మగ్గమునకు ఈ శాస్త్రము పడిన బాకీ

ఈ చికిత్స పుట్టుకలో మగ్గమునకు పాలున్నదని మనవారిలో చాలమందికి తెలియదు. అమెరికా దేశములో మార్బుల్‌హెడ్ అను సముద్రతీరపు ఊరిలో హెర్బర్ట్ హాల్ అను వైద్యుడు 1904లో ఒక పనిశాల పెట్టి, నరముల బలహీనతతో కుంగిన రోగులచేత చేతిమగ్గములపై నేయించెను, కుండలు చేయించెను. పనిని కొంచెము కొంచెముగా పెంచుచు పోయినచో మనిషి కోలుకొనునా అని పరిశీలించుటకు 1906లో హార్వర్డు విశ్వవిద్యాలయము ఆయనకు వెయ్యి డాలర్లు ఇచ్చినది. 1917లో ఆ దేశముననే వృత్తి చికిత్సకుల జాతీయ సంఘము ఏర్పడినది. మొదటి ప్రపంచయుద్ధములో గాయపడిన సైనికుల చేతులకు, కాళ్లకు బలము తెప్పించుటకు ఆస్పత్రులలో మగ్గములు పెట్టిరి. పన్నె లాగి కొట్టుట భుజమునకును, కాలి చెక్కలు తొక్కుట మడమకును వ్యాయామమైనది.

మన దేశములో ఈ విద్యకు మొదటి పాఠశాలను 1950లో బొంబాయి పరేలులోని కె.ఇ.ఎం. ఆస్పత్రిలో శ్రీమతి కమలా నింబ్‌కర్ స్థాపించిరి. ఆమె అమెరికాలో పుట్టి, భారతీయుని వివాహమాడి, ఈ దేశమునే తన దేశముగా చేసికొన్న మహిళ. 1952లో అఖిల భారత సంఘమును ఏర్పడినది. ఆ సంవత్సరమే ఏర్పడిన ప్రపంచ సమాఖ్యకు పునాది వేసిన పది దేశములలో భారతదేశమొకటి. ఆ పాఠశాల నెలకొన్న పరేలు నాడు బట్టల మిల్లుల పేట. చుట్టుప్రక్కల మిల్లులలో తెలంగాణమునుండి వలసవచ్చిన మన పద్మశాలీలు పెక్కుమంది పనిచేసిరి. 1982 సమ్మె తరువాత ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. ఆ విద్య మాత్రము అక్కడ నేటికిని సాగుచున్నది. ఒకనాడు మగ్గము రోగికి మందైనది. నేడు మగ్గము మీది మనిషికే మందు కావలసివచ్చినప్పుడు ఆ శాస్త్రము మన గుమ్మములోనికి రావలెనని కోరుట న్యాయమే గదా!

జట్టు ఏమి చేయును?

నలుగురు కలిసి ఎందుకు చేయవలెనని కొందరికి సందేహము కలుగవచ్చును. నొప్పికి కారణము ఒక్కచోట ఉండదు గనుక. ఒక ఊహ చెప్పెదము. గుంట మగ్గము మీద నేయు ఒకరికి కుడి భుజము నొప్పి అనుకొందము. జట్టులో ఒకరు నాడెను ఆడించుటకు చేయి నిమిషమునకు ఎన్నిసార్లు లేచుచున్నదో లెక్కింతురు. మరొకరు కూర్చుండు పలక ఎత్తును, నడుము వంగిన కోణమును కొలుతురు. ఇంకొకరు నొప్పి ఏ వేళకు మొదలగుచున్నదో, ఏ వేళకు తగ్గుచున్నదో వ్రాసికొందురు. నాలుగవవారు ఇంటిలో కండెలు చుట్టు తల్లితో, భార్యతో మాట్లాడుదురు. ఏలయన ఆమె మెడనొప్పి ఎవరి లెక్కలోను ఉండదు. తరువాత నలుగురును కూర్చుండి తాము చూచినవి కలుపుకొందురు. పడుగు ఒకరు పేక ఒకరు పట్టుకొని వేరువేరు గదులలో కూర్చున్నచో గుడ్డ కాదు, ఇదియు అంతే.

ఇందులకు పనికివచ్చు కొలబద్దలు సిద్ధముగా ఉన్నవి. ఉత్తర ఐరోపా దేశములవారు 1987లో ప్రకటించిన నార్డిక్ ప్రశ్నావళి శరీరమును తొమ్మిది భాగములుగా విభజించి, గడచిన పన్నెండు నెలలలోను, గడచిన ఏడు దినములలోను ఏ భాగమున బాధ కలిగినదో అడుగును. 1993లో ఇంగ్లండులో రూపొందిన రూలా అను పద్ధతి మెడ, నడుము, చేతులు ఉన్న భంగిమను చూచి ఒకటినుండి ఏడు వరకు అంకె వేయును. ఏడు వచ్చినచో పనిచేయు తీరును వెంటనే మార్చవలెనని అర్థము. 1991లో కెనడావారు ప్రకటించిన పద్ధతి మనకు మరింత నచ్చునది. అందులో సమస్య ఏదో చెప్పవలసినది రోగియే. తనకు ముఖ్యమైన పనులు అయిదింటి వరకు ఎన్నుకొని, ఆ పనిని ఎంత బాగుగా చేయగలుగుచున్నాడో, దానితో ఎంత తృప్తి పడుచున్నాడో పదింటికి మార్కులు తానే వేసికొనును. చికిత్స తరువాత మరల వేయును. రెండు మార్కులు పెరిగినచో అది గణింపదగిన మార్పు అని ఎంచుదురు.

ఇక ఉపాయమును పరీక్షించు తీరు మన అద్దకపువారికి సులభముగా బోధపడును. మొదట కొన్ని వారములు ఏమియు మార్చక నొప్పిని మాత్రము రోజు రోజు వ్రాసికొందురు. పిమ్మట ఒక్కటే మార్పు చేయుదురు. కూర్చుండు పలకను రెండు అంగుళములు ఎత్తుట గాని, చేతిపిడిని లావు చేయుట గాని కావచ్చును. మరల కొన్ని వారములు వ్రాసికొందురు. కొన్నాళ్లు ఆ మార్పును తీసివేసి నొప్పి తిరిగి వచ్చినదేమో చూతురు. ఒకేసారి పలక మార్చి, పిడి మార్చి, తైలము కూడ రాసినచో ఏది పనిచేసినదో ఎవరికి తెలియును? రంగు తొట్టిలో రెండు సరుకులు ఒకేసారి మార్చినవానికి రంగు దేనివలన నిలిచినదో తెలియనట్లే.

అయితే ఒక కొలత విద్యార్థులకు తట్టకపోవచ్చును. మనమే జ్ఞాపకము చేయవలెను. మనకు కూలి గంటకు కాదు, గుడ్డకు. నొప్పి తగ్గి, దినమునకు నేయు గుడ్డ కూడ ఒక మూర తగ్గినచో ఆ ఉపాయము మన యింట నాలుగు నాళ్లు నిలువదు. కనుక నొప్పి మార్కుల ప్రక్కనే మూరల లెక్కయు ఉండవలెనని పట్టుపట్టుడు. షోలాపురములోను, భివండీలోను మరమగ్గముల నడుమ నిలుచుండి పనిచేయువారికి, షోలాపురమున బీడీలు చుట్టు మన స్త్రీలకు కూడ ఇదే మాట వర్తించును. వేయి బీడీల లెక్క మీద కూలి తీసికొను ఆమెకు వేళ్ల సుఖముతోపాటు చేతివేగమును ముఖ్యమే.

ఆలేరు నేర్పిన పాఠము

ఏ కళాశాల సహాయమును లేకుండ ఇట్టి పరిశోధన చేసి చూపినవారు మనలోనే ఉన్నారు. నల్గొండ ప్రాంతపు ఆలేరులో శ్రీ చింతకింది మల్లేశం తల్లి లక్ష్మిగారు పోచంపల్లి తరహా చీరలకు ఆసు పోయుచుండిరి. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిదివేల సార్లు అటునిటు ఆడవలెను. ఆమె భుజము నొప్పి చూడలేక, బడి మధ్యలో మానిన ఆ యువకుడు 1992లో యంత్రమునకు పూనుకొని, అప్పులకును ఎగతాళికిని ఓర్చి, 1999లో దానిని పూర్తిచేసిరి. తల్లి పేరనే లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టిరి. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది.

ఆయన విజయమునకు మూలమేమి? ప్రశ్న ఇంటిలోనే పుట్టినది. ఎవరి చేయి నొచ్చుచున్నదో ఆమె ఎదుటనే ఉన్నది. యంత్రము నడిచినదో లేదో తల్లి భుజమే చెప్పినది. విద్యార్థులకు మేము చెప్పదలచిన పాఠమును ఇదే. కాని ఆ యంత్రమునకు ఏడేండ్లు పట్టినది. కొలతలు తెలిసిన ఒక జట్టు ఆయన ప్రక్కన ఉండినచో ఆ యేడేండ్లలో కొన్ని మిగిలియుండెడివి కావా? అనుభవము మన దగ్గర ఉన్నది. కొలత వారి దగ్గర ఉన్నది. ఈ రెండును ఒక ఇంటిలో కలియవలెను.

మనము అడుగవలసినవి

వచ్చి, కొలిచి, ఫొటోలు తీసికొని, పరీక్ష ముగియగానే మరల కనబడనివారిని మన పేటలు ఎరుగును. పుస్తకము బీరువాలోనికి, నొప్పి మన యింటిలోనికి. అట్లు జరుగకుండ ముందుగానే కొన్ని మాటలు తేల్చుకొనవలెను.

మొదటిది, ప్రశ్న మనది కావలెను. వారు వ్రాసికొని వచ్చిన ప్రశ్నకు మన ఒళ్లు సాక్ష్యముగా మాత్రమే ఇచ్చుట చాలదు.

రెండవది, సమ్మతి పత్రము. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమముల ప్రకారము పరిశోధన ఏమిటో, కష్టనష్టము లేమిటో మనకు అర్థమగు భాషలో చెప్పి సమ్మతి తీసికొనవలెను. ఎప్పుడు వలదన్నను విడిచిపోవు హక్కు మనకున్నది. బయట మరాఠీయో, తమిళమో, కన్నడమో, ఒడియాయో మాట్లాడుచున్నను మన ముసలివారికి తెలుగే అర్థమగును. తెలుగులో చదివి వినిపించిన తరువాతనే సంతకము చేయుడు.

మూడవది, పోయిన కూలి. కొలతల కొరకు మగ్గము ఆగిన పూటకు పరిహారము అడుగుట తప్పు కాదు. ఆ నియమములే అందుకు అవకాశమిచ్చినవి.

నాలుగవది, ఫలితము. ఏమి తేలినదో ఒక కాగితము మీద తెలుగులో వ్రాసి సంఘమునకు ఇయ్యవలెను. చేసిన వస్తువు పనికివచ్చినదైనచో మగ్గము దగ్గరనే విడిచిపోవలెను. విరిగినచో మన వడ్రంగి బాగుచేయగల తీరున దానిని చేయవలెను.

అయిదవది, పేరు. ఉపాయము చెప్పిన నేతగాని పేరు కూడ నివేదికలో చేరవలెను. పరంపరగా వచ్చిన విజ్ఞానమును కొత్త కల్పనగా పేటెంటు చేసికొన వీలులేదని మన చట్టము చెప్పుచున్నది. కొత్తగా పుట్టిన వస్తువు విషయములో హక్కు ఎవరిదో మొదటి దినముననే వ్రాసికొనుట ఉభయులకును మంచిది.

మన వంతు కూడ కొంత ఉన్నది. సిగ్గుపడి నొప్పిని దాచరాదు. సహాయమేదో వచ్చునని హెచ్చించి చెప్పరాదు. విద్యార్థులున్నంత సేపు కొత్త పలక మీద కూర్చుండి, వారు వీధి మలుపు తిరుగగానే దానిని అటక మీద పడవేయరాదు. నచ్చనిచో నచ్చలేదనియే చెప్పవలెను. పనిచేయలేదని తెలియుటయు పరిశోధనలో ఫలితమే.

సంఘములకు మనవి

మహారాష్ట్రములో బొంబాయి, నాగపురములందును, తమిళనాడులో వెల్లూరు, కోయంబత్తూరులందును, కర్ణాటకములో మణిపాలులోను, ఒడిశాలో కటకము దగ్గరి ఓలట్‌పూరులోను ఈ విద్య నేర్పు సంస్థలున్నవి. వృత్తి చికిత్సకుల ప్రపంచ సమాఖ్య 2016లో సవరించిన ప్రమాణముల ప్రకారము ప్రతి విద్యార్థియు కనీసము వెయ్యి గంటలు పనిలో శిక్షణ పొందవలెను. ఆ గంటలు ఆస్పత్రి గోడల మధ్యనే గడవవలెనని ఎవరును అనరు. ప్రతి శాఖాసంఘమును తన పేటలో ఇంటింటికి ఒక కాగితము పంపి, ఎవరికి ఏ పని చేయునప్పుడు ఎక్కడ నొప్పి కలుగుచున్నదో వ్రాయించి, అందులో ముఖ్యమైన మూడు సమస్యలను ఏరి, దగ్గరి కళాశాల అధ్యాపకులకు పంపవలెనని మా మనవి. విద్యార్థుల జట్లు విషయము కొరకు వెదకుకొను సమయమున మన ఉత్తరము వారి బల్ల మీద ఉండవలెను.

మరియొక మాట. ఇంటర్మీడియేటులో జీవశాస్త్రము చదువుచున్న మన ఆడపిల్లలు, మగపిల్లలు ఈ విద్యవైపు కూడ చూడవలెను. తండ్రి వంగిన నడుమును చూచి మగ్గము వలదను పిల్లవానిని మనము తప్పుపట్టలేము. కాని పడుగు ఏదో పేక ఏదో ఎరిగిన బిడ్డ ఒకతె ఆ జట్టులో ఉన్ననాడు, ప్రశ్న ఎక్కడ మొదలుపెట్టవలెనో ఆమెకు వేరొకరు చెప్పనక్కరలేదు.