కుడి గది మీద పడే బరువు

2021 వేసవిలో, కొవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు మన ఇళ్లలో ఎవరు ఫోన్ చేసినా అడిగినవి రెండే: ‘సీటీ స్కోరు ఎంత? శాచురేషన్ ఎంత?’ అందరి దిగులూ ఊపిరితిత్తుల గురించే. గుండె కుడి జఠరిక, అంటే కుడివైపు కింది గది, ఎలా ఉందని అడిగినవాళ్లు అరుదు. కానీ అడగాల్సిన ప్రశ్నే అది. 2020లో టెల్ అవీవ్ వైద్యులు ఆసుపత్రిలో చేరిన 100 మంది కొవిడ్ రోగులకు ఎకో (గుండె స్కానింగ్) తీస్తే, 39 మందిలో కుడి జఠరిక ఉబ్బడమో పనితీరు తగ్గడమో కనిపించింది. ఎడమ జఠరిక పంపింగ్ తగ్గినవాళ్లు 10 మందే.

ఒంట్లోంచి తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి తోసేది కుడి జఠరిక. దాని గోడ పల్చన. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ 120/80 అయితే, ఊపిరితిత్తుల ధమనిలో ఉండేది సుమారు 25/10. తేలిక పనికి అలవాటుపడ్డ ఆ కండరం ఉన్నట్టుండి మీదపడే బరువుకు తాళలేదు.

బరువు మొదట మోపేది మన ఒంటి సొంత ఏర్పాటే. గాలి అందని చోటికి రక్తం వృథాగా పోకుండా అక్కడి నాళాలు బిగుసుకుంటాయి. 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆయిలర్, లిలియెస్ట్రాండ్ పిల్లుల్లో దీన్ని నిరూపించారు. న్యుమోనియా ఓ మూలకే పరిమితమైతే ఇది ఎంతో మేలు. రెండు ఊపిరితిత్తులూ దెబ్బతిన్నప్పుడు మాత్రం నాళాలు ఎక్కడికక్కడ బిగుస్తాయి, ఒత్తిడి పెరిగిపోతుంది.

కొవిడ్ దీనికి రక్తపు గడ్డలను తోడుచేసింది. కొవిడ్‌తో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులను, ఫ్లూతో చనిపోయిన ఏడుగురివాటితో పోల్చిన అధ్యయనం 2020లో వచ్చింది. గాలి గదుల చుట్టూ ఉండే సన్నని నాళాల్లో రక్తపు గడ్డలు కొవిడ్ రోగుల్లో 9 రెట్లు ఎక్కువ. పద్నాలుగు మంది లెక్క చిన్నదే, కాదనను. కానీ నాళాల లోపలి పొర ఎంతగా ఛిద్రమైందో అందులో స్పష్టంగా కనిపించింది. గడ్డల జాడ పట్టే డి-డైమర్ పరీక్షలు, రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే హెపారిన్ సూదులు ఈ భయంతోనే. ఆ మందు విషయంలో 2021 నాటి పరీక్షల ఫలితం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది: పూర్తి మోతాదు హెపారిన్ మధ్యస్థ స్థితిలో ఉన్నవారికి మేలు చేసింది, అప్పటికే ఐసీయూలో విషమించినవారికి చేయలేదు.

వెంటిలేటర్ కూడా రెండంచుల కత్తే. గాలి గదులను తెరిచి ఉంచే ఒత్తిడి మితిమీరితే పక్కనున్న నాళాలను నొక్కేస్తుంది, కుడి జఠరిక ఇంకా అలసిపోతుంది. బోర్లా పడుకోబెట్టడంలో ఉన్న గొప్ప ఇక్కడే తెలుస్తుంది. వీపు వైపు ముడుచుకున్న భాగాలు తెరుచుకుంటాయి, కుడి గుండెకు కాస్త ఊరట. కొవిడ్‌కు ముందే, 2013లో ఫ్రెంచి వైద్యుల నాయకత్వంలో జరిగిన పరీక్షలో తీవ్ర శ్వాస వైఫల్యంతో ఉన్నవారి 28 రోజుల మరణాలు ఈ పద్ధతితో దాదాపు 33 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి.

ఎకో యంత్రాన్ని మంచం దగ్గరికే తేవచ్చు. మీవాళ్లు వైరల్ న్యుమోనియాతో ఐసీయూలో ఉండి, బీపీ పడిపోతుంటే ‘కుడి వైపు ఎలా ఉంది డాక్టర్‌గారూ?’ అని అడగండి. ఇంటికొచ్చాక ఆయాసం తగ్గకపోయినా, ఒక కాలే వాచి నొప్పెట్టినా, అది గడ్డ వల్ల కావచ్చు; ‘నీరసంలే’ అని ఊరుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.